అక్కడ అంతా బాగేనా?



శుక్రవారం సాయంత్రం మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో ఫోను మోగుతుంది. కువైట్ నుంచి కూతురో, దుబాయి నుంచి కొడుకో, మస్కట్ నుంచి ఇంటాయనో. ఇంటిల్లిపాదీ ఫోను చుట్టూ చేరతారు. "బాగున్నావా?" అని ఇటునుంచి అడుగుతారు. "ఆ, బాగానే ఉన్నా. మీరంతా ఎట్లా ఉన్నారు?" అని అటునుంచి జవాబు వస్తుంది. ఆ రెండు మాటలూ అయిపోయాక అసలు సంగతులు మొదలవుతాయి. చీటీ డబ్బు కట్టాలి. చిన్నదాని కాలేజీ ఫీజుకు గడువు దగ్గరపడింది. మేనమామ ఇంట్లో పెళ్ళి, మనం ఏం పెట్టాలి? వాన పడితే వెనక గదిలో కారుతోంది.

ఈ వారం మనం ఆ మొదటి రెండు మాటల దగ్గరే కాసేపు ఆగుదాం. "బాగానే ఉన్నా" అన్న ఆ మాట ఎంతవరకు నిజం? అక్కడ మంచి రోజులు నడుస్తున్నప్పుడు ఆ మాటను గురించి ఎవరూ ఆలోచించనక్కరలేదు. కాని పనులు ఆగిపోయి, జీతాలు కోతపడి, కంపెనీలు మనుషులను ఇళ్ళకు పంపుతున్న కాలంలో కూడా అదే గొంతుతో అదే మాట వస్తున్నదంటే, దాని వెనుక ఏదో దాగి ఉందన్నమాట. పరదేశంలో కష్టకాలం వచ్చినప్పుడు, ఆ కష్టాన్ని ఇంటివాళ్ళకు చెప్పకుండా దాచిపెట్టడం ప్రేమా, లేక తప్పా? తప్పే అయితే, అది దాచినవాడి తప్పా, దాచేట్టు చేసినవాళ్ళ తప్పా? ఇదే నేటి ప్రశ్న.

ఎవరు వెళ్తున్నారు, ఎట్లా వెళ్తున్నారు?

మన తెలుగునాట గల్ఫు దారి తెలియని జిల్లా తక్కువ. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు. నరసాపురం, పాలకొల్లు, రాజోలు ప్రాంతాల నుంచి కువైట్, మస్కట్, దోహాలకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీలు. కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల, ఆర్మూరు, కామారెడ్డి ప్రాంతాల నుంచి దుబాయి, సౌదీలకు కట్టడం పనికి వెళ్ళే మగవాళ్ళు. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క దేశం సొంతమైపోయింది. ముందు వెళ్ళినవాడు వెనకవాడికి దారి చూపడం వల్ల అట్లా జరిగింది.

వెళ్ళేవాడు ఉత్త చేతులతో వెళ్ళడు, అప్పుతో వెళ్తాడు. 1983 నాటి వలసల చట్టపు నియమాల కింద రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుముకు 30,000 రూపాయలు, దానిపై పన్ను అని హద్దు పెట్టారు. కాని ఊళ్ళోకి వచ్చే ఉప ఏజెంటు అడిగేది అంతకు ఎన్నో రెట్లు. దానికోసం నూటికి రెండు రూపాయలకో మూడు రూపాయలకో ప్రామిసరీ నోటు రాస్తారు, తల్లి మెళ్ళోని గొలుసు తాకట్టు పెడతారు. నూటికి రెండు రూపాయల నెల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షన్నర అప్పుకు నెలకు 3,000 వడ్డీకే పోతుంది, అసలు అట్లాగే ఉంటుంది. మొదటి ఏడాది, ఒక్కోసారి రెండో ఏడాది కూడా, అతడు పనిచేసేది తనకోసం కాదు, తన ఇంటికోసం కూడా కాదు, ఆ నోటు కోసం. ఈ లెక్క గుర్తుంచుకోండి. ముందు ముందు మనకు అవసరమవుతుంది.

మంచి బ్రతుకు అంటే ఏమిటి?

ప్రపంచంలో బ్రతకడానికి ఏ నగరం మంచిది అని అప్పుడప్పుడు పట్టికలు వేస్తుంటారు. రోడ్లు, ఆసుపత్రులు, బడులు, భద్రత, జీతాలు లెక్కగడతారు. ఆ లెక్కలు అబద్ధం కావు. కాని అవి ఎవరి బ్రతుకును కొలుస్తున్నాయి? దుబాయిలో చల్లటి గదిలో కూర్చుని పనిచేసే ఇంజనీరుకు, ఆ గది కట్టిన సెంట్రింగు పనివాడికి నగరం ఒక్కటే, బ్రతుకులు రెండు. ఇంజనీరు భార్యాబిడ్డలతో ఉంటాడు. పనివాడు లేబర్ క్యాంపులో, ఒక గదిలో పలువురితో, మంచం మీద మంచం వేసుకుని ఉంటాడు. ఎండాకాలంలో మధ్యాహ్నం కొన్ని గంటలు బయటి పని చేయించరాదని గల్ఫు దేశాలు చట్టం చేసుకున్నాయంటే, అక్కడి ఎండ ఎటువంటిదో వేరే చెప్పాలా?

అయినా మంచి రోజుల్లో ఈ తేడాను మనిషి ఓర్చుకుంటాడు. కష్టకాలం వచ్చినప్పుడే అసలు తేడా బయటపడుతుంది. మన ఊళ్ళో తాపీమేస్త్రీకి మూడు నెలలు పని లేదనుకోండి. కష్టమే. కాని అతడి అరుగు అతడికి ఉంటుంది. రేషను కార్డు ఉంటుంది. కిరాణా కొట్టువాడు ఒక నెల అరువిస్తాడు. పని పోయిందని ఎవరూ అతణ్ణి ఊరు విడిచి పొమ్మనరు. అక్కడ అట్లా కాదు. ఆ దేశంలో ఉండే హక్కు పనికి ముడిపడి ఉంటుంది. అకామా కంపెనీ పేరు మీదనో, కఫీలు పేరు మీదనో ఉంటుంది. పని పోతే గది పోతుంది, వైద్యం పోతుంది, గడువు దాటితే ఉండే హక్కు కూడా పోతుంది. ఒక్క దారం తెగితే బట్ట అంతా ఊడిపోయినట్లు! ఆ గడువు దాటి ఉండిపోయినవాణ్ణి మనవాళ్ళే "ఖల్లివల్లి" అంటారు.  పోలీసును చూస్తే భయం, జబ్బు చేస్తే భయం, తల్లి చనిపోయినా రాలేని స్థితి.

కాబట్టి పరదేశంలో ఉన్నవాడి బ్రతుకు నాణ్యతను జీతంతో కొలవడం సరికాదు. జీతం ఆగిన మరునాడు అతడికి ఏం మిగులుతుంది అన్నదే కొలత.

నాలుగు దెబ్బలు

గడచిన కాలాన్ని ఒకసారి తలచుకుందాం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. బ్యాంకులు మూతపడ్డాయి, దీనారు విలువ పడిపోయింది, ఏళ్ళ తరబడి దాచుకున్నది కాగితమైపోయింది. సుమారు 1,70,000 మంది భారతీయులను ఆ ఏడాది ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య, ఎక్కువ మందిని జోర్డాను రాజధాని అమ్మాను మీదుగా, విమానాల్లో మన దేశానికి చేర్చారు. కట్టుబట్టలతో దిగినవాళ్ళు మన విచారణల్లోనూ ఉన్నారు. తరువాత ఐక్యరాజ్య సమితి ఏర్పాటు చేసిన పరిహార సంఘం ద్వారా చాలామందికి ఎంతోకొంత అందింది గాని, అందేసరికి ఏళ్ళు పట్టింది.

రెండవది 2008, 2009 సంవత్సరాల మాంద్యం. దుబాయిలో క్రేనులు నిలిచిపోయాయి. సగం లేచిన భవనాలు అట్లాగే ఉండిపోయాయి. "కొన్నాళ్ళు ఇంటికి వెళ్ళండి, పిలుస్తాం" అని జీతం లేని సెలవు మీద మనుషులను పంపారు. చాలామందికి ఆ పిలుపు రానేలేదు. మూడవది చమురు ధర పడిపోయిన కాలం. 2014 మధ్యలో పీపా 100 డాలర్ల పైన ఉన్న ముడిచమురు 2016 జనవరికల్లా 30 డాలర్ల కిందికి జారింది. ప్రభుత్వాలు కాంట్రాక్టర్లకు బిల్లులు ఆపాయి, కాంట్రాక్టర్లు కూలీలకు జీతాలు ఆపారు. 2016లో సౌదీలో వేలాదిమంది మనవాళ్ళు నెలల తరబడి జీతం లేక, చివరకు క్యాంపులో తిండి కూడా లేక ఉంటే, మన దౌత్య కార్యాలయం ఆహారం పంచవలసి వచ్చింది. నాలుగవది 2020 నాటి కోవిడ్. ఆ ఏడాది ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం పత్రాలు లేని విదేశీయులను జరిమానా లేకుండా వెళ్ళిపోనిచ్చింది. మే 7 నుంచి వందే భారత్ విమానాలు మనవాళ్ళను తీసుకురావడం మొదలుపెట్టాయి.

ముప్ఫై ఏళ్ళలో నాలుగు పెద్ద దెబ్బలు! అంటే కష్టకాలం అనుకోకుండా వచ్చే పిడుగు కాదు. ఏళ్ళ తరబడి అక్కడ ఉన్నవాడు దాన్ని ఒకసారైనా చూడవచ్చు. అటువంటప్పుడు దాన్ని గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోకపోవడం ఎంత అవివేకం!

కష్టం ఎట్లా దిగుతుంది?

పెద్ద దెబ్బలు పేపర్లో పడతాయి. చిన్న దెబ్బలు పడవు. మొదట ఓవర్‌టైము ఆపుతారు. మనవాడు ఇంటికి పంపే డబ్బులో చాలా భాగం ఆ ఓవర్‌టైముదే. తరువాత తిండి ఖర్చు కింద ఇచ్చేది తగ్గిస్తారు. తరువాత జీతం నెలాఖరుకు బదులు పదో తేదీకి, ఆపైన మరుసటి నెలకు జరుగుతుంది. చివరకు కొత్త ఒప్పందం కాగితం ముందు పెట్టి, "ఇంతకు చేస్తావా, వెళ్తావా?" అంటారు. కుటుంబాలతో ఉండే కాస్త మెరుగైన ఉద్యోగులకూ కష్టాలు తప్పలేదు. సౌదీ ప్రభుత్వం 2017 జూలై నుంచి విదేశీ ఉద్యోగి మీద ఆధారపడిన ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టి, ఏటా వంద పెంచుకుంటూ 2020 నాటికి 400 చేసింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200 రియాళ్ళు. అదే ఏడాది జూలైలో అమ్మకం పన్నును 5 శాతం నుంచి 15 శాతానికి పెంచారు. ఎన్నో కుటుంబాలు విడిపోయాయి. భార్యాబిడ్డలు ఇంటికి వచ్చేశారు, భర్త ఒక్కడూ పడక గదికి మారాడు.

ఇంటిపనికి వెళ్ళిన మన ఆడబిడ్డల సంగతి మరీ కనిపించదు. కువైట్‌లో 2015లో చేసిన చట్టం ప్రకారం ఇంటి పనిమనిషి చేత రోజుకు 12 గంటలకు మించి చేయించరాదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. 2016లో కనీస జీతం 60 దీనార్లని నిర్ణయించారు. కాని కఫీలు ఇంటికే కష్టం వచ్చినప్పుడు, నాలుగు గోడల మధ్య ఆ చట్టాన్ని ఎవరు చదివి వినిపిస్తారు? ఇద్దరు చేసే పని ఒకరి మీద పడుతుంది. మొదట పోయేది ఆ సెలవు రోజే. సెలవు రోజు పోతే ఒక్క విశ్రాంతే కాదు, శుక్రవారం గుడికి వెళ్ళి మన భాషలో నలుగురితో మాట్లాడుకునే ఆ రెండు గంటలూ పోతాయి.

ఇంకొక విచిత్రం చూడండి. 2008 తొలి నెలల్లో డాలరు సుమారు 40 రూపాయలు. 2013 ఆగస్టులో 68 దాటింది. దిర్హము డాలరుకు ముడివేసి ఉంటుంది కాబట్టి, 1,000 దిర్హములు పంపితే మొదట 11,000 లోపు వచ్చేది, తరువాత 18,000 పైన వచ్చింది. అక్కడ అతడి జీతం ఒక్క దిర్హము కూడా పెరగలేదు. గది అద్దె పెరిగింది, పప్పు ధర పెరిగింది. కాని ఇక్కడ బ్యాంకు పుస్తకంలో అంకె పెరిగింది. "మావాడికి జీతం పెరిగింది" అని మనం సంబరపడ్డాం. అతడు ఎన్నడూ అందుకోని ఆ పెంపును మనం ఖర్చుపెట్టేశాం!

దాచినవాడి పక్షాన

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఇటువంటి స్థితిలో ఉన్నవాడు "బాగానే ఉన్నా" అంటున్నాడు. అతణ్ణి అబద్ధాలకోరు అనడానికి ముందు అతడి పక్షాన ఆలోచించడం ధర్మం.

అతడు దాచడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకటి ప్రేమ. అమ్మకు రక్తపోటు ఉంది, చెప్తే నిద్రపోదు. చెప్పినా ఆమె చేయగలిగింది ఏమీ లేదు. మరి చెప్పి ఏం లాభం? రెండవది పరువు. వెళ్ళేటప్పుడు ఊరంతా సాగనంపింది; ఓడిపోయానని ఏ నోటితో చెప్పడం? మూడవది అప్పు. జీతం ఆగిందని ఊళ్ళో తెలిస్తే వడ్డీవాడు ఆ సాయంత్రమే మన గడపలో కూర్చుంటాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ దుర్మార్గం కాదు. తాను ఒక పూట తిండి మానుకుని ఇంటికి పూర్తి డబ్బు పంపిన మనిషిని దేవుడు అబద్ధాలవాళ్ళ వరుసలో నిలబెడతాడని నేను అనుకోను.

అయినా ఆ మౌనం మంచిది కాదు. ఎందుకో చెప్తాను.

మొదటిది, ఇంటివాళ్ళు తప్పుడు లెక్క మీద నిర్ణయాలు చేస్తారు. డబ్బు వస్తూనే ఉంటుందని నమ్మి మేడ మొదలుపెడతారు, కట్నం ఒప్పుకుంటారు, కొత్త అప్పు రాస్తారు. రెండవది, కష్టం పంచుకునే హక్కు ఇంటివాళ్ళకు ఉంది. భార్యాభర్తలు సుఖంలోనూ దుఃఖంలోనూ కలిసి ఉంటామని పీఠం ముందు మాట ఇచ్చారు. దుఃఖాన్ని ఒక్కడే ఉంచుకుంటే రెండవవారి మాటను నిలుపుకోనివ్వలేదన్నమాట. ఇక మూడవది అన్నిటికంటె బరువైనది. ఆ మాటను మన ఇల్లు ఒక్కటే వినదు, పక్కిల్లు కూడా వింటుంది. "వాడు అక్కడ బాగానే ఉన్నాడట" అని విన్న పక్కింటి ఇరవయ్యేళ్ళ కుర్రాడు అదే ఏజెంటు దగ్గరకు వెళ్ళి, అదే వడ్డీకి నోటు రాసి, పనులు ఆగిపోయిన చోటికే విమానం ఎక్కుతాడు. మన పరువుకోసం దాచిన మాట పొరుగువాడికి ఉచ్చు అవుతుంది. అబద్ధ సాక్ష్యం న్యాయస్థానంలోనే చెప్పనక్కరలేదు, అరుగు మీద కూర్చునీ చెప్పవచ్చు.

ఒక ఇంటి కథ

నాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి చెప్తాను. ఊరూ పేరూ వద్దు. నిజామాబాదు వైపు వాళ్ళు. కొడుకు సెంట్రింగు పనికి వెళ్ళాడు. 2009లో అతడి సైటు ఆగింది. కంపెనీ పొమ్మనలేదు, జీతమూ ఇవ్వలేదు. అతడు గదిలోని తోటివాళ్ళ దగ్గర, తెలిసినవాళ్ళ దగ్గర అప్పు చేసి నెలనెలా ఇంటికి ఎప్పటి డబ్బే పంపాడు. ఇక్కడ తండ్రి పైఅంతస్తు స్లాబు వేయించాడు. ఏడాది దాటింది. ఒకనాడు పక్క మండలం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, "మీవాడు మావాడికి బాకీ ఉన్నాడు, మా బిడ్డ పెండ్లి ఉన్నది" అని కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి తండ్రి ఫోను చేసి కోప్పడలేదు. "ముందుగాల చెప్తే స్లాబు ఆపుకుందుము గదరా" అన్నాడట. దానికి కొడుకు ఇచ్చిన జవాబు ఆ తండ్రి నాకు చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు. "ఎప్పుడు చెప్పాలె బాపూ? ఫోను ఎత్తంగనే సిమెంటు బస్తాల లెక్కనే చెప్తిరి."

ఆ ఒక్క మాటలో మన ప్రశ్నకు సగం జవాబు ఉంది. అతడు అబద్ధం చెప్పాడు, నిజమే. కాని నిజం చెప్పడానికి మనం అతడికి చోటు ఎక్కడ మిగిల్చాం?

ఇక మన వంతు

అందుచేత, ప్రియ పాఠకులారా, వేలు మన వైపు కూడా తిప్పుకుందాం. పరదేశంలో ఉన్నవాడు ఇంటికి వస్తే మొదట అతడి ముఖం చూస్తామా, పెట్టె చూస్తామా? సెంటు సీసా అందలేదని అలిగిన చుట్టాలు మన ఇళ్ళలో లేరా? ఒకే తల్లి బిడ్డల్లో పొలంలో కష్టపడేవాడికి ఒక విలువ, డ్రాఫ్టు పంపేవాడికి ఒక విలువ ఇవ్వలేదా?

మన సంఘాలు కూడా ఈ తప్పునుంచి తప్పించుకోలేవు. పండుగ చందాల జాబితా రాసేటప్పుడు "గల్ఫు ఇళ్ళు" అని వేరే గీత గీసిన విచారణలు ఉన్నాయి. గంట స్తంభానికి ఇచ్చినవాళ్ళ పేర్లు పాలరాతి మీద చెక్కిస్తాం. జీతం ఆగినవాడి పేరు కనీసం మన ప్రార్థనల్లో తలచుకుంటున్నామా? ఆగిందని మనకు తెలిస్తే గదా! ఇచ్చేవాడిగానే అతణ్ణి గుర్తుపెట్టుకున్నప్పుడు, అడగవలసిన రోజు వస్తే అతడు మన గుమ్మంలోకి రాడు.

2020లో కువైట్ నుంచి ఒక్క చేతిసంచితో దిగిన గోదావరి జిల్లా తల్లి ఒకామె నాతో అన్నమాట మరువలేను. "పదకొండేళ్ళు నేను పంపిన డబ్బు అందరికీ గుర్తుంది అయ్యగారూ. నేనెట్లా ఉండేదాన్నో ఒక్కరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు." ఆమె వచ్చిన మొదటి వారం ఇంటినిండా చుట్టాలే. పంచడానికి ఏమీ లేదని తెలిశాక రెండో వారం ఎవరూ లేరు. ఆమె అత్తగారు మాత్రం కోడలి చేతులు పట్టుకుని చూసి, పగిలిన వేళ్ళకు రోజూ రాత్రి నూనె రాసేదట. "ఆ నూనె చాలు అయ్యగారూ" అన్నది.

బైబులులో నవోమి కథ మీకు తెలుసు. బేత్లెహేములో కరవు వస్తే భర్తతో, ఇద్దరు కొడుకులతో మోయాబు దేశానికి బ్రతుకుతెరువుకు వెళ్ళింది. అక్కడ భర్త పోయాడు, కొడుకులూ పోయారు. ఒట్టి చేతులతో తిరిగివచ్చింది. ఊరి స్త్రీలు ఆమెను చూసి గుర్తుపట్టలేక, ఈమె నవోమియేనా అని అనుకున్నారు. నవోమి ఏమీ దాచలేదు. నిండుగా వెళ్ళి వట్టిగా వచ్చానని ఊరి మధ్యలో చెప్పుకుంది. ఆమె నిజం చెప్పింది కాబట్టే రూతు సిగ్గుపడకుండా పరిగె ఏరడానికి పొలానికి వెళ్ళగలిగింది. పరిగె ఏరనిచ్చే పొలం ఉంది కాబట్టే ఆ కుటుంబం నిలిచింది. చెప్పే ధైర్యం ఒకరిది, ఏరుకోనిచ్చే మనసు ఇంకొకరిది. రెండూ కావాలి.

"మాటలు బాగున్నాయి, డబ్బు రాకపోతే ఇల్లు ఎట్లా గడుస్తుంది?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే కొన్ని పనికివచ్చే సంగతులు. ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. వచ్చిన డబ్బు రూపాయల్లో మాత్రమే కాదు, దిర్హముల్లోనో దీనార్లలోనో కూడా రాయండి. మారకపు రేటు వల్ల పెరిగినదేదో, కష్టం వల్ల వచ్చినదేదో తెలుస్తుంది. మొదట తీర్చవలసింది వడ్డీ అప్పు. అది తీరేదాకా మేడ మాట ఎత్తకండి. తిరుగు టిక్కెట్టుకు, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు ముట్టుకోకుండా ఉంచండి. ఆ డబ్బు ఉన్నవాడు కఫీలు ముందు తలెత్తి మాట్లాడగలడు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, అకామాల నకళ్ళు ఇంట్లో ఉంచండి. వలస అనుమతి తప్పనిసరైన పాస్‌పోర్టు మీద వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా ఉంది. 2017 సవరణ ప్రకారం రెండేళ్ళకు 275 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 10 లక్షలు. జీతం ఆగితే ఫిర్యాదు చేయడానికి విదేశాంగ శాఖ 2015లో మదద్ అనే ఏర్పాటు చేసింది. అన్నిటికంటె ముఖ్యం, విజిట్ వీసా మీదనో, ఆజాద్ వీసా మీదనో పంపుతానన్నవాడి మాట నమ్మి బిడ్డను పంపకండి.

మరొక్క మాట. మన బిడ్డలను అక్కడివాళ్ళు మనుషులుగా చూడాలని కోరుకుంటాం. 1981లో రెండవ జాన్ పౌల్ పోపుగారు శ్రమను గురించి రాసిన విశ్వలేఖలో, పరాయిచోటు నుంచి వచ్చిన పనివాడికి అక్కడి పనివాడికంటె తక్కువ హక్కులు ఉండరాదని బోధించారు. ఆ బోధ గల్ఫు సేట్లకు మాత్రమేనా? ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు, బీహారు నుంచి మన కట్టడాలకు వచ్చే కుర్రాళ్ళు మన మధ్యనే ఉన్నారు. 2020లో వాళ్ళు పిల్లలను భుజాన వేసుకుని మన రోడ్ల మీదుగానే నడిచి వెళ్ళారు. వాళ్ళు కూడా ఫోనులో తమ తల్లులకు "బాగానే ఉన్నా" అనే చెప్పి ఉంటారు. వాళ్ళకు మనమే అరబ్బులం!

దాచడం ప్రేమా, తప్పా అని మొదట అడిగాను. అది ప్రేమతో మొదలై, తప్పుగా ముదిరే మౌనం. ఆ తప్పులో సగం మనది. దాన్ని విప్పే మొదటి పని కూడా మనదే, ఎందుకంటే దూరాన ఉన్నవాడికంటె ఇంట్లో ఉన్నవాడికి ధైర్యం తేలిక.

వచ్చే శుక్రవారం ఫోను మోగినప్పుడు "బాగున్నావా?" అని అడిగి ఊరుకోకండి. ఈ నెల జీతం చేతికి వచ్చిందా? ఓవర్‌టైము ఉందా? ఇవాళ మధ్యాహ్నం ఏం తిన్నావు? గదిలో ఎంతమంది ఉంటున్నారు? సెలవు ఇస్తున్నారా? ఇవి అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. అటువైపు కాసేపు మాట రాకపోవచ్చు. తొందరపడి చీటీ సంగతి ఎత్తకండి. ఆ తరువాత, "పని పోతే వచ్చెయ్. ఉన్నదేదో కలిసి తిందాం" అని ఒక్క మాట చెప్పండి. చెప్పినంత మాత్రాన అతడు రేపే విమానం ఎక్కడు. కాని తన ఇల్లు తనను పిలుస్తున్నదని తెలిసి, ఆ రాత్రి కాస్త నిద్రపోతాడు.